పద్యం పంపేముందు, పద్యానికి బదులిచ్చేముందు

మా పద్యాల గ్రూపులో ఎవరు కొత్తగా చేరినా వారికి నేనొకసారి ఫోను చేస్తాను. పద్యం ఎలా పంపాలి, ఎదుటివారి పద్యానికి ఎలా బదులివ్వాలి, తమ పద్యంలో ఎవరైనా తప్పు చూపితే ఏం చేయాలి అన్నవి వివరంగా చెబుతాను. ఫోనులో విన్నది చాలామందికి గుర్తుండదు. అందుకని అవే మాటలు ఇక్కడ రాస్తున్నాను. వాట్సాప్‌లోనో ఫేస్‌బుక్‌లోనో ఇలాంటి గ్రూపు మీకూ ఉంటే పనికొస్తాయి.

నేను తెలుగు పండితురాలిని కాను. తెనాలిలో హైస్కూలు లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మా గ్రూపులో వరంగల్‌లో మందుల షాపు నడిపే ఆయన ఉన్నారు, కువైట్‌లో నర్సుగా చేసే అమ్మాయి ఉంది, ఒంగోలు దగ్గర పొగాకు పండించే రైతు ఉన్నారు, డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉన్నారు, డిగ్రీ చదివే పిల్లలున్నారు. కవిత్వం ఎవరికీ జీవనోపాధి కాదు. పని ముగిశాక దొరికిన కాసేపట్లో నాలుగు పాదాలు కట్టుకుని, వాటిని ఎవరైనా చదివితే బాగుండునని ఎదురుచూసేవాళ్లమే అందరమూ. ఆ ఎదురుచూపుకు తగిన జవాబు ఇవ్వడం ఎలాగన్నదే నాకు ముఖ్యం. గణాలు ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. రాసినవారికి నిజంగా ఉపయోగపడేలా స్పందించడం నేర్పేవారు తక్కువ.

ఇలా దూరం నుంచి పద్యాలు పంపుకోవడం కొత్తదేమీ కాదు. ఆకాశవాణిలో సమస్య (పూరించమని ఇచ్చే ఒక పద్యపాదం) ఇస్తే శ్రోతలు కార్డుమీద పూరణ రాసి పోస్టులో వేసి, తమ పేరు చదువుతారేమోనని రేడియో దగ్గర కూర్చునేవారు. 1990లలో అమెరికా విశ్వవిద్యాలయాల్లోని తెలుగు విద్యార్థులకు కంప్యూటర్‌లో తెలుగు లిపి అందుబాటులో లేక, రైస్ విశ్వవిద్యాలయం పేరుమీద వచ్చిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిషు అక్షరాలతోనే పద్యాలు టైపు చేసి పంపుకున్నారు. ఇప్పుడు ఫోనులో అరసున్నాతో సహా అన్నీ దొరుకుతున్నాయి. జవాబు నిమిషాల్లో వస్తుంది. ఆ వేగం వల్లే కొంత నష్టం కూడా ఉంది. దాని సంగతి తరువాత చెబుతాను.

పంపే పద్ధతి

కొత్తవారు ఆటవెలదితో మొదలుపెడితే మంచిది. ఒకటో పాదంలోనూ మూడో పాదంలోనూ మూడు సూర్యగణాలు, ఆపైన రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. పాదాల రెండో అక్షరాలు కలవాలన్న ప్రాస నియమం లేదు. ప్రతి పాదంలో మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి కుదరాలి, అంటే ఆ రెంటి ధ్వని కలవాలి. లేదా వాటి పక్క అక్షరాలు కలిసే ప్రాసయతి వేసుకోవచ్చు. గురువును U అని, లఘువును I అని గుర్తిస్తే, సూర్యగణాలు రెండే: నగణం (III), గలం (UI). ఇంద్రగణాలు ఆరు: నలం (IIII), నగం (IIIU), సలం (IIUI), భగణం (UII), రగణం (UIU), తగణం (UUI). దీని తరువాత తేటగీతి, ఆ తరువాత కందం. ఉత్పలమాలకూ శార్దూలానికీ తొందర వద్దు. ఆ వృత్తాల్లో గురులఘువుల స్థానాలు కదలవు కాబట్టి, మాటల నిల్వ తక్కువగా ఉన్నవారు పాదం నింపడానికి అక్కర్లేని సంస్కృత పదాలు వెతుక్కుంటారు.

పద్యం పైన ఛందస్సు పేరు పొట్టిగా రాయండి: ఆ.వె., తే.గీ., కం., ఉ., చం. అని. చదివేవారికి ఏ నడకలో చదవాలో ముందే తెలుస్తుంది. ఒక్కో పాదం ఒక్కో వరుసలో ఉండాలి. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాల పాదానికి 21. చిన్న ఫోనులో ఆ వరుస విరిగి కిందికి వస్తుంది, పాదం ఎక్కడ ముగిసిందో తెలియదు. అందుకని వృత్తాలు పంపేటప్పుడు పాదానికీ పాదానికీ మధ్య ఒక ఖాళీ వరుస వదలండి. కింద మీ పేరు, తేదీ వేయండి.

పూల బొమ్మమీద అచ్చేసిన పద్యం చూడటానికి బాగుంటుంది కానీ, అందులోంచి ఒక పాదాన్ని ఎత్తి రాసి దాని గురించి మాట్లాడలేం. బదులు కావాలనుకుంటే అక్షరాలే పంపండి, బొమ్మ వద్దు.

పంపేముందు గొంతెత్తి ఒకసారి చదవండి. పద్యాన్ని పెదవి కదపకుండా చదివి సరిచూసుకోవడం కుదరదు. అంతర్జాలంలో ఛందస్సు సరిచూసే ఉపకరణాలున్నాయి. పద్యాన్ని అందులో అతికిస్తే గురులఘువులు గుర్తించి, గణాలు విడదీసి, తప్పినచోటు చూపిస్తాయి. వాడుకోండి, మంచివే. అయితే వాటికి మాటల అర్థం తెలియదు. పక్క మాట మొదట్లో సంయుక్తాక్షరం ఉంటే ముందున్న అక్షరం గురువా లఘువా అన్నది ఆ రెండు మాటలూ సమాసంగా కలిశాయా, విడిగా ఉన్నాయా అన్నదాన్నిబట్టి ఉంటుంది. అది మనిషే చూసుకోవాలి.

ఒక్క విషయంలో మాత్రం నేను పట్టుబడతాను. పద్యంతోపాటు భావం రాసి పంపకండి. ఎందుకో కింద చెబుతాను.

మీ పద్యం పెట్టేముందు, అప్పటికే అక్కడున్న రెండు పద్యాలకైనా బదులివ్వండి. తన పద్యం పెట్టి వెళ్లిపోయేవారే ఎక్కువైతే ఏ గ్రూపూ నిలవదు.

బదులివ్వడం

ఇక అసలు సంగతి. పద్యం పెట్టగానే ‘అద్భుతం’, ‘చక్కని పద్యం’, చప్పట్ల బొమ్మలు, నమస్కారాల బొమ్మలు వరసగా వస్తాయి. వాటిలో ప్రేమ ఉంటుంది, కాదనను. రాసినవారికి ఆ పూట సంతోషం కలుగుతుంది. మరునాటికి మాత్రం వారి చేతిలో ఏమీ మిగలదు. తన పద్యంలో ఏది ఎదుటివారిని తాకిందో, ఏది చేరకుండా పోయిందో వారికి తెలియనే లేదు.

నేను కొత్తవారికి చెప్పేది ఒక్కటే పద్ధతి: పద్యానికి తాత్పర్యం రాయండి. బడిలో మనమంతా రాసినదే. పద్యం చదివి, మీకు అర్థమైనంతవరకు, మీ మాటల్లో రెండు మూడు వాక్యాల్లో తిరిగి చెప్పండి. పొగడ్త అక్కర్లేదు, తప్పులు పట్టడం అక్కర్లేదు. రాసినవారు ఆ తాత్పర్యాన్ని తాము అనుకున్నదాని పక్కన పెట్టి చూసుకుంటారు. రెండూ ఒకటే అయితే పద్యం నిలిచినట్టు. తేడా ఉంటే ఎక్కడ తేడా వచ్చిందో వారికే కనిపిస్తుంది. భావం ముందే రాసి పంపవద్దన్నది ఇందుకే. మీరే తాత్పర్యం చెప్పేస్తే చదివేవారు పద్యాన్ని వదిలి మీ వివరణను చదువుతారు. పద్యం ఒంటరిగా నిలబడగలదో లేదో ఇక మీకెప్పటికీ తెలియదు.

ఉదాహరణ చూపిస్తాను. ఇతరుల పద్యం తెచ్చి ఇక్కడ పెట్టడం మర్యాద కాదు కాబట్టి నేనే ఒకటి కట్టాను. కొత్తగా రాసేవారి పద్యాల్లో తరచు కనిపించే మంచీ చెడూ రెండూ ఉండేలా చూశాను.

వాన వచ్చె నేడు వాకిలి తడిసెను
మల్లె తీగ వంగి మట్టి తాకె
అమ్మ చేతి గొడుగు అరుగుపై నున్నది
మనసు నిండిపోయె మధురముగను

గణాలు సరిపోయాయి. మొదటి పాదం చూడండి: వాన, వచ్చె, నేడు మూడూ గలాలు, వాకిలి భగణం, తడిసెను నలం. వా, వా యతి. ఉపకరణం ఈ పద్యానికి అభ్యంతరం చెప్పదు. ఇప్పుడు తాత్పర్యం రాయడానికి కూర్చుందాం. ‘వాన పడింది. వాకిలి తడిసింది. మల్లెతీగ నీటి బరువుకు నేలదాకా వంగింది. అమ్మ గొడుగు అరుగుమీదే ఉంది.’ ఇంతవరకు కలం ఆగదు. ప్రతి పాదంలోనూ కంటికి కనిపించేది ఒకటుంది. నాలుగో పాదం దగ్గర ఆగిపోతాం. మనసు ఎందుకు నిండింది? వాన వల్లనా, గొడుగు కనబడినందుకా? ‘మధురముగను’ అన్నమాటకు తాత్పర్యంలో ఎక్కడా చోటు దొరకదు. అది రెండు గణాలు నింపడానికి వచ్చిన మాట. ఒకరి తాత్పర్యంలో ఇమడని మాట ఉందంటే, అది పద్యంలో ఏ పని చేస్తోందో రాసినవారు చూసుకోవాలన్నమాట.

ఈ పద్యానికి నేనైతే ఇలా బదులిస్తాను:

‘మల్లెతీగ వంగి మట్టిని తాకడం నా కళ్లకు కట్టిందమ్మా. గొడుగు దగ్గరికి రాగానే ఇంకేదో చెప్పబోతున్నారనిపించింది. వాన పడుతుంటే గొడుగు అరుగుమీద ఎందుకుంది? అమ్మ బయటికి వెళ్లలేదా, లేక వాడి తెచ్చి అక్కడ పెట్టారా? నాలుగో పాదం నాకు ఆ సంగతి చెప్పలేదు.’

ఇందులో మంచి పాదమేదో చెప్పాను. ఎక్కడ ఆగానో చెప్పాను. అడగవలసింది అడిగాను. పద్యాన్ని ముట్టుకోలేదు.

ఇక వ్యాకరణం. మూడో పాదంలో ‘గొడుగు అరుగుపై’ అన్నచోట విసంధి ఉంది, అంటే కలపవలసిన సంధిని కలపలేదు. ఉత్వసంధి నిత్యం కాబట్టి ‘గొడుగరుగుపై’ కావాలి. అలా కలిపితే అక్షరం తగ్గి గణాలు చెదురుతాయి. ఎలా సర్దాలి? పద్యం కట్టడం వచ్చినవారికి వెంటనే ఒక దారి తోస్తుంది:

అమ్మ వాడిన గొడుగరుగుపై నున్నది

అమ్మ, వాడి, నగొడు: మూడు సూర్యగణాలు. గరుగుపై నగం, నున్నది భగణం. నాలుగో గణం ‘గ’తో మొదలైనా, అందులో సంధివల్ల కలిసిన ‘అరుగు’లోని అకారం ఉంది. ఆ అకారానికి ‘అమ్మ’లోని అకారంతో యతి చెల్లుతుంది. స్వరప్రధాన యతి అంటారు. ఉపకరణం ఇక్కడ యతి తప్పిందని చూపినా చూపవచ్చు, కంగారు పడకండి.

ఛందస్సు కుదిరింది, సంధి కుదిరింది. కానీ ‘అమ్మ వాడిన గొడుగు’ అనగానే ఆమె ఇప్పుడు లేదన్న ధ్వని వచ్చింది. రాసినవారి తల్లి వంటింట్లో కాఫీ కలుపుతూ ఉండవచ్చు. వారు ఆవిడ గొడుగును చూసి ముచ్చటపడి రాసి ఉండవచ్చు. అదే పాదాన్ని ‘అమ్మ తెచ్చిన గొడుగరుగుపై నున్నది’ అన్నా గణాలు చెడవు, యతి చెడదు. అప్పుడు తల్లి ఇంట్లోనే ఉంది. ఒక్క మాట మార్పుతో రెండు వేరువేరు పద్యాలయ్యాయి. ఏది తనదో చెప్పవలసింది రాసినవారే. అందుకే సవరణ చేసి ‘ఇదిగో ఇలా ఉండాలి’ అని పెట్టేయకూడదు. చేయగలిగినవారు ముఖ్యంగా ఈ జాగ్రత్త పాటించాలి. ఏ దారులున్నాయో చూపండి, రెండు చూపగలిగితే ఇంకా మంచిది. ‘మీరు చెప్పదలచింది ఏది?’ అని అడగండి.

అడిగితే ఒక్కోసారి నాలుగో పాదం ఆ జవాబులోనే దొరుకుతుంది. ‘అమ్మ పోయాక ఆ గొడుగును ఎవరం తీయలేదండీ’ అని వారు రాశారనుకోండి. ఇంకేం కావాలి? ఆ మాటే నాలుగో పాదం:

వాన వచ్చె నేడు వాకిలి తడిసెను
మల్లె తీగ వంగి మట్టి తాకె
అమ్మ వాడిన గొడుగరుగుపై నున్నది
తడిసి చాల నాళ్లు దాటిపోయె

‘మనసు’ అన్న మాట పోయింది, మనసు మాత్రం వచ్చి చేరింది. తకారానికీ దకారానికీ యతి కుదిరింది. ఇలాంటివి పదిమంది కలిసి కూర్చున్నప్పుడే జరుగుతాయి. నేను ఈ గ్రూపును నడపడానికి కారణం ఇదే.

ఎంత వ్యాకరణం అడగాలి

పై పద్యంలో పండితులు ఇంకా రెండు చోట్ల వేలు పెట్టగలరు. ‘మట్టి తాకె’ అన్నదాన్ని ‘మట్టిఁ దాకె’ అనమంటారు. రెండో పాదం చివర ‘తాకె’, మూడో పాదం మొదట ‘అమ్మ’ ఉన్నాయి కాబట్టి ‘నమ్మ’ అని రాయమంటారు. వారు చెప్పేది ప్రబంధాల పద్ధతి, అది సరైనదే. ఆ భాషలో రాయాలని సంకల్పించినవారికి అలాగే చెప్పాలి. కానీ వాడుకకు దగ్గరగా ఉన్న మాటలతో, తన ఇంటి వాకిలి గురించి మొదటి పద్యం రాసినవారిని సరళాదేశం (‘తాకె’ను ‘దాకె’ చేయడం లాంటిది) దగ్గర నిలదీస్తే రెండో పద్యం రాదు. పాదం మధ్యలో విసంధి చెవికి తగులుతుంది కాబట్టి అది చెబుతాను. పాదం చివరిదాన్ని వదిలేస్తాను. ఇది నా అభిప్రాయం, మా గ్రూపులోనే ఒప్పుకోనివారున్నారు. మీ గ్రూపులో ఏ కట్టుబాటో ముందే ఒక మాట అనుకుని, కొత్తవారికి చేరగానే చెప్పండి. పద్యం పెట్టాక చెప్పకండి.

వైరిసమాసాలను, అంటే సంస్కృత పదాన్నీ తెలుగు పదాన్నీ కలపకూడని చోట కలిపి కట్టిన సమాసాలను మాత్రం చూపించండి. అవి అలవాటైతే వదలవు.

యతి చెల్లుతుందా లేదా అని వాదం వస్తే, ‘నాకు బాగాలేదు’ అన్నమాట చెల్లదు. పూర్వకవి ప్రయోగం చూపాలి. 17వ శతాబ్దంలోనే ఛందోగ్రంథం రాసిన అప్పకవి యతులను ఎంతో విస్తారంగా వర్గీకరించాడు. ఆయన ఒప్పినవాటిలో కొన్నిటిని ఇప్పటి అవధానులు (సభలో అడిగినదానికి అప్పటికప్పుడు పద్యం చెప్పేవారు) వాడరు. సంధిలో కలిసిన అచ్చును కాక పైకి కనిపించే హల్లునే లెక్కించే అఖండయతి మీద వాదం ఇంకా సాగుతూనే ఉంది. ఇలాంటి చోట ‘కొందరు అంగీకరిస్తారు, కొందరు అంగీకరించరు, తప్పించుకోగలిగితే మంచిది’ అనడమే న్యాయం.

మాట తీరు

మనవాళ్లలో వయసుకు మర్యాద ఉంది. ఇరవై ఏళ్ల పిల్ల డెబ్బై ఏళ్ల పెద్దాయన పద్యంలో గణం తప్పిందని చూసింది. ఏమనాలి? ‘మాస్టారూ, మూడో పాదం రెండో గణం దగ్గర నాకొక సందేహం. నేను సరిగ్గా విడదీశానో లేదో చూస్తారా?’ అని అడిగితే చాలు. ఆయన చూసుకుని సరిదిద్దుకుంటారు. సందేహంగా అడగడం అవధాన సభల్లోనూ ఉన్న పద్ధతే, అందులో తగ్గిపోయేదేమీ లేదు. పెద్దవాళ్లు పిల్లల పద్యాన్ని సరిదిద్దేటప్పుడూ అదే గౌరవం ఉండాలి. ‘ఏమ్మా, గణాలు నేర్చుకోలేదా’ అని అందరి ముందూ అంటే ఆ పిల్ల మళ్లీ కనిపించదు. కొత్తవారి ఛందోదోషాలను విడిగా సందేశం పంపి చెప్పండి. మెచ్చుకోలు మాత్రం అందరి ముందూ చెప్పండి.

బదులివ్వడానికి ఆ పద్యం మీదే వేలు నొక్కి పెట్టి, ‘రిప్లై’ అన్నదాన్ని ఎంచుకోండి. ఉదయం పది పద్యాలు వచ్చినచోట విడిగా ‘బాగుందండీ’ అంటే అది ఎవరికన్నారో తెలియదు.

తొందర వద్దు. ఇందాక వేగం వల్ల నష్టముందన్నాను కదా. పద్యం వచ్చిన నిమిషానికే వచ్చే స్పందన చాలావరకు రాసినవారి పేరు చూసి వచ్చిందే అయి ఉంటుంది. ఒకసారి కళ్లతో, మరోసారి గొంతుతో చదవండి. సాయంత్రం రాసినా పరవాలేదు. డాలస్‌లో ఉన్న మా సభ్యుడు ఎలాగూ మనం నిద్రపోయాకే రాస్తాడు. అతని తాత్పర్యాలు తెల్లవారి చూడటం మాలో చాలామందికి ఇష్టం.

ఇంకొక దారి కూడా ఉంది, నాకు చాలా ఇష్టమైనది. పద్యాన్ని మీ గొంతుతో చదివి ఆ రికార్డు పంపండి. రాగం రాకపోయినా సరే. తన పద్యం ఇంకొకరి నోట వింటే, ఎక్కడ ఊపిరి అందలేదో, ఏ మాట దగ్గర నాలుక తడబడిందో రాసినవారికి వెంటనే తెలుస్తుంది. కువైట్‌లో ఉన్న అమ్మాయి రాత్రి డ్యూటీ అయ్యాక ఇలా చదివి పంపుతుంది. ఆమె ఆగినచోటు చూసుకుని దిద్దుకున్నవారు మాలో ఉన్నారు.

ఒక మినహాయింపు. ఇంట్లో ఎవరో పోయి, ఆ దుఃఖంలో పద్యం పెట్టినవారికి ఆ రోజు ఛందస్సు గురించి ఒక్క మాట కూడా చెప్పకండి. తాత్పర్యం కూడా వద్దు. ‘చదివానమ్మా, మీకు తోడున్నాం’ అనండి. నెల తరువాత వారే అడుగుతారు, అప్పుడు చెప్పండి.

రాజకీయాలు, కులాలు, దేవుళ్ల మధ్య పోటీలు వచ్చే పద్యాలను మేము మొదటే వద్దనుకున్నాం.

మీ పద్యం మీద మాట వస్తే

జవాబుగా వివరణ ఇవ్వకండి. ‘నా ఉద్దేశం ఏమిటంటే’ అని మొదలుపెట్టాలనిపిస్తుంది. ఆ ఉద్దేశం పద్యంలో కనబడలేదనే వారు చెబుతున్నారు. కృతజ్ఞతలు చెప్పి, ఆ రాత్రికి వదిలేయండి. మరునాడు మళ్లీ చదివితే ఎవరు చెప్పింది నిజమో మీకే తెలుస్తుంది. ముగ్గురు మూడు సవరణలు చెబితే మూడూ తీసుకోనక్కర్లేదు. అయితే ముగ్గురూ ఒకే పాదం దగ్గర ఆగారంటే, వారు చెప్పిన మందు సరైనది కాకపోయినా నొప్పి అక్కడే ఉంది.

వాట్సాప్‌లో పంపిన సందేశాన్ని 15 నిమిషాలలోపు మార్చుకోవచ్చు. అచ్చుతప్పుల వరకే ఆ వీలు వాడండి. అప్పటికే ఎవరైనా బదులిచ్చి ఉంటే పైపద్యాన్ని మార్చవద్దు, వారి మాటలు గాలిలో వేలాడతాయి. కింద ‘సవరణ’ అని రాసి కొత్త రూపాన్ని విడిగా పెట్టండి. ఎవరి సూచనతో మార్చారో వారి పేరు చెప్పండి. రెండు రూపాలూ పక్కపక్కన ఉంటే కొత్తగా నేర్చుకునేవారికి అంతకన్నా మంచి పాఠం ఉండదు.

సమస్యలు

ఏం రాయాలో తోచనివారికి సమస్యాపూరణం మంచి ప్రవేశం. ఒక పాదం ఇస్తారు, అది పైకి అసంగతంగా ఉంటుంది. మిగతా మూడు పాదాలతో దాన్ని సంగతం చేయాలి. ఉదాహరణకు నేనిచ్చిన ఒక పాదం: ‘నిప్పులోన మీను నీరు తాగె’. నిప్పులో చేప నీళ్లు తాగడం ఎలా? ఒక దారి విరుపు. ముందు పాదంలోని వాక్యాన్ని సమస్య మొదటి మాటతో ముగించాలి:

వంటయింటి మూల వంకాయ కాలెను
నిప్పులోన; మీను నీరు తాగె

కాలింది వంకాయ, నీరు తాగింది తొట్టిలో ఉన్న చేప. మొదటి రెండు పాదాల్లో ఆ తొట్టి సంగతి చెబితే పూరణ అయిపోతుంది. ఒకే సమస్యకు పదిమంది పది దారులు వెతుకుతారు. కలలో చూశానని రాస్తే అది తేలిక దారి, నేను ప్రోత్సహించను. పూరణలకు బదులిచ్చేటప్పుడు ‘ఈ దారి నాకు తోచలేదు’ అని ఆ దారి ఏమిటో ఒక వాక్యంలో చెప్పండి. రాసినవారికి అంతకన్నా తృప్తి ఉండదు.

పేరు, హక్కు

మంచి పద్యం ఒకటి గ్రూపు దాటి వెళ్లిందంటే మూడో రోజుకు పేరు ఊడిపోయి, కింద ‘సేకరణ’ అన్న మాటతో తిరిగి మన దగ్గరికే వస్తుంది. ఇది అన్యాయం. ఇతరుల పద్యం ఎక్కడికి పంపాలన్నా ముందు అడగండి, పేరుతో సహా పంపండి. పేరు తెలియనిదైతే పంపవద్దు. భారతదేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన పద్యం మీద హక్కు రాసినవారిదే. దానికి ఎక్కడా నమోదు చేయించనక్కర్లేదు. ఆ హక్కు వారి జీవితకాలమంతా, ఆ తరువాత 60 ఏళ్లు ఉంటుంది. ఇతరుల సూచనతో ఒక మాట మార్చుకున్నంత మాత్రాన పద్యం వారిది అయిపోదు. సూచించినవారు కూడా ‘నేనే దిద్దాను’ అని బయట చెప్పుకోకూడదు.

పత్రికకు పంపాలనుకున్న పద్యాన్ని ముందుగా గ్రూపులో పెట్టే విషయం ఆలోచించుకోండి. రచనతోపాటు హామీపత్రం అడిగే పత్రికలున్నాయి. అందులో ఈ రచన ఏ పత్రికలోనూ, వాట్సాప్, ఫేస్‌బుక్ లాంటి సామాజిక మాధ్యమాల్లోనూ రాలేదని సంతకం చేయవలసి ఉంటుంది. అలాంటి పద్యాన్ని మీకు నమ్మకమున్న ఒకరిద్దరికి మాత్రమే విడిగా పంపి, వారి చేత తాత్పర్యం రాయించుకోండి. వారి మాట విని దిద్దుకున్నాక పత్రికకు పంపి, అక్కడ అచ్చయిన తరువాత గ్రూపులో అందరికీ పెట్టండి.